కోరంగి రేవు ఏమైంది? ఓడలు, ఉప్పెనలు, మడ అడవి

శ్రీలత, హైదరాబాద్ | ఆదివారం, రాత్రి 8:40

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి మడ అడవి చూసి వచ్చాం. చెక్క బాట మీద నడిచాం, పడవ ఎక్కాం. బురదలో గెంతే చేపలను చూసి పిల్లలు ఒకటే కేకలు. అంతా బాగుంది. ఇంటికి వచ్చాక ఊరి గురించి వెతికితే ఎక్కడ చూసినా ఒకటే మాట: 1839 నవంబరు 25న 40 అడుగుల ఉప్పెన వచ్చింది, 20 వేల ఓడలు మునిగాయి, మూడు లక్షల మంది చనిపోయారు.

నాకు రెండు సందేహాలు. అంత పెద్ద రేవు పట్టణం ఉంటే దాని ఆనవాళ్లు ఎక్కడ? నాకు కనిపించింది రోడ్డు పక్కన ఒక మామూలు ఊరు, దాని వెనక అడవి. ఇక ఆ మూడు లక్షల లెక్క నిజమేనా? తెలిసినవారు చెప్పండి.


పాత పటాలు | ఆదివారం, రాత్రి 9:25

శ్రీలత గారూ, మీ రెండో సందేహం మీద ఇక్కడ పెద్ద గొడవే జరుగుతుంది. అందుకని ముందు మొదటిదాని సంగతి చెప్పేస్తాను.

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమర వసిష్ఠ. గౌతమి నుంచి యానాం వైపున ఒక సన్నటి పాయ విడిపోయి, ఉత్తరంగా వెళ్లి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. అదే కోరంగి నది. సప్త గోదావరుల్లో ఆత్రేయ అని పెద్దలు చెప్పేది దీన్నే. రేవు ఈ పాయ ఒడ్డున ఉండేది, సముద్రపు ఒడ్డున కాదు. ఓడలు పోటు మీద పాయలోకి వచ్చి, గాలి దెబ్బ తగలని చోట నిలబడేవి. తూర్పు తీరంలో ఇలాంటి చోటు దొరకడం చాలా అరుదు. మద్రాసు అంతటి నగరానికే 19వ శతాబ్దం చివర్లో హార్బరు కట్టేదాకా దిక్కు లేదు. ఓడలు దూరంగా అలల మీద ఊగుతూ లంగరు వేసుకోవాల్సిందే.

1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు కోరంగిలో ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. పోటు వేళ ఓడను లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్లన్నీ తోడేసి అడుగు భాగం బాగుచేసే ఏర్పాటు అది. అందులోకి మొదట వచ్చింది ఆల్బట్రాస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక. ఆ రోజుల్లో కలకత్తా నుంచి సింహళంలోని తిరుకోణమలై వరకు పెద్ద ఓడ అడుగు బాగు చేసుకోవాలంటే ఇక్కడికే రావాలి.

చుట్టుపక్కల కూడా చూడండి. ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు. ఒక పగటి బండి ప్రయాణంలో ముగ్గురి వర్తక స్థావరాలూ తగిలేవి. ముగ్గురూ వచ్చింది మన నేత బట్ట కోసమే.

ఆనవాళ్లు ఎక్కడ అంటారా? మట్టి కింద. అదెలాగో తర్వాత రాస్తాను.


తాళ్లరేవు పడవ | ఆదివారం, రాత్రి 10:02

అన్నీ మట్టి కింద లేవండి. మా మండలంలో ఓడలు కట్టే పని మిగిలింది. పెద్ద దోనెలు తగ్గిపోయాయి, ఫైబరు పడవలు వచ్చి చాలామంది చేతిపని పోగొట్టాయి. అయినా రోడ్డు మీద వెళ్తూ కాలువ వైపు చూస్తే, పక్కటెముకలు బయటపెట్టుకుని నిలబడ్డ చెక్క పడవ ఒకటైనా కనిపిస్తుంది.

మా నాన్నగారు ఓడ వడ్రంగి. పలకకూ పలకకూ మధ్య సందులో నార కూరి, మొద్దు ఉలి పెట్టి దట్టించి, పైన గుగ్గిలం కలిపిన నూనె పూసేవారు. ఆ దట్టించే పని చేతనయినవాడికే అసలు గిరాకీ. పలక కోయడం ఎవరైనా నేర్చుకుంటారు. సందు నిండిందో లేదో సుత్తి దెబ్బ చప్పుడు విని చెప్పడం మాత్రం అందరికీ రాదు. పడవను నీళ్లలోకి దించిన రాత్రి ఆయన ఇంటికి వచ్చేవారు కాదు. అక్కడే పడుకుని, తెల్లవారాక అడుగున ఎంత నీరు ఊరిందో చేత్తో తడిమి చూసేవారు.

గీసిన నక్షా నేను ఎన్నడూ చూడలేదు. కొలతలన్నీ నోటి లెక్కే.


వృద్ధ గౌతమి | సోమవారం, ఉదయం 6:50

మూడు లక్షల మాట అబద్ధమని ఎవరూ తొందరపడి అనకండి. మాది కోనసీమ. ఉప్పెన అంటే ఏమిటో మా పెద్దలకు తెలుసు. కోరంగి ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయిందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. తెల్లదొరల కాగితంలో లేనంత మాత్రాన జరగలేదంటారా? వాళ్లు మన శవాలను లెక్కపెట్టారా?


పాత పటాలు | సోమవారం, ఉదయం 9:15

గౌతమి గారూ, ఉప్పెన రాలేదని ఎవరూ అనలేదు. వచ్చింది, ఒకటి కాదు. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కోరంగిని ముంచేశాయి. అప్పుడు పోయినవారు 20 వేల మంది అని చెబుతారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు 1839 ఉప్పెన. కలకత్తాలో ఉండి తుఫానుల మీద పరిశోధన చేసి, 1848లో ‘సైక్లోన్’ అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి తుఫానులను చాలా శ్రద్ధగా చదివినవాడు.

నా పేచీ ఆ అంకెతోనే. నాటి రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 1821లో ఏడు లక్షల పైచిలుకు. 1841కి ఆరు లక్షలకు లోపు. అంటే 20 ఏళ్లలో తగ్గింది రెండు లక్షల లోపే. ఆ మధ్యలోనే 1832-33 కరువు ఉంది. గుంటూరు వైపు డొక్కల కరువు అంటారే, అదే. గోదావరి మండలాలను కూడా అది పీల్చి పిప్పి చేసింది. జనం చచ్చారు, ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. తగ్గుదలలో పెద్ద వాటా దానిదే. ఇక ఒక్క కోరంగిలో, ఒక్క రాత్రి, మూడు లక్షల మంది పోవాలంటే జిల్లాలో సగం మంది ఆ రోజు రేవులో ఉండాలి.

ఓడల లెక్క కూడా అంతే. 20 వేల ఓడలు ఆ సన్నటి పాయలో పట్టవు. తీరం పొడవునా ఉన్న తెప్పలు, దోనెలు, కాలువ నావలు అన్నీ కలిపి ఎవరో వేసిన అంచనా కాబోలు. ఆ తర్వాతివాళ్లు దాన్ని ఓడలని రాసుకుంటూ పోయారని నా ఊహ.

వేల మంది పోయారనడంలో సందేహం లేదు. ఊరు దెబ్బతిన్నదనడంలోనూ లేదు. ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయిందనడమే నిలవదు. 1839 తర్వాత కూడా కోరంగిలో ఓడలు కట్టారు, రంగూన్‌తో వ్యాపారం నడిపారు.


తుఫాను దారి | సోమవారం, మధ్యాహ్నం 1:30

లెక్కల సంగతి మీరు తేల్చుకోండి. అక్కడే అంత నీరు ఎందుకు లేస్తుందో నేను చెబుతాను.

కాకినాడ అఖాతం చాలా లోతు తక్కువ. తుఫాను కేంద్రం తీరం దాటేటప్పుడు దానికి కుడి వైపున, అంటే మన తూర్పు తీరంలో ఉత్తరాన, గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. లోతైన చోట ఆ నీరు కిందినుంచి వెనక్కి జారిపోతుంది. లోతు లేనిచోట జారడానికి దారి ఉండదు, మీదికే లేస్తుంది. ఎదురుగా ఉన్నది డెల్టా. కిలోమీటర్ల కొద్దీ నేల సముద్రమట్టానికి మీటరో రెండు మీటర్లో ఎత్తు. దానికి తోడు నదీపాయలే నీటిని ఊళ్లలోకి తీసుకువెళ్లే దారులు. తుఫాను వచ్చిన ఘడియ పోటు వేళ అయితే చెప్పనక్కర లేదు.

1864 నవంబరు 1న బందరు, 1977 నవంబరు 19న దివిసీమ. ఈ పోలికలన్నీ చోటు మారినా అవే. 1996 నవంబరు 6 తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు.


వృద్ధ గౌతమి | సోమవారం, రాత్రి 7:45

1996 సంగతి మాకు చెప్పక్కర లేదు. ఆ ఏడాది కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతును అడగండి.

పాత పటాలు గారి జనాభా లెక్క ఆలోచించదగ్గదే. దానికి నేను ఎదురు చెప్పను. కానీ రేవు పోయింది ఉప్పెన వల్ల కాకపోతే మరి దేనివల్ల? అది చెప్పండి. మట్టి అంటూ ఊరించి వదిలేశారు.


పాత పటాలు | సోమవారం, రాత్రి 9:10

గోదావరి వల్లే. నది నాసిక్ దగ్గర పుట్టి దక్కను రేగడి నేలల మీదుగా వస్తుంది. వరద వచ్చిందంటే నీరు ఎర్రటి ఒండ్రు మయం. సముద్రం తగలగానే నీటి వేగం చచ్చి, మోసుకొచ్చిన మట్టిని మొగ దగ్గర, అంటే సముద్రంలో కలిసే చోట, దింపేస్తుంది. కోరంగి పాయ మొగలో ఇలా మేట పెరిగింది. 18వ శతాబ్దంలో పెద్ద ఓడలు సులువుగా వచ్చిన దారిలోకి రానురాను పోటు చూసుకుని రావాల్సి వచ్చింది. చివరికి పోటు వేళ కూడా బరువైన ఓడకు దారి లేకుండా పోయింది. ఓడలు దూరంగా అఖాతంలోనే ఆగేవి. సరుకు చిన్న దోనెల్లో చేరవేయాలి. అంత కష్టపడేటప్పుడు కోరంగి దాకా రావడం ఎందుకు? వర్తకులు కాకినాడకు మారిపోయారు.

దీనికి తోడు 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. కాలువల్లో పడవలు నడిచాయి. డెల్టా ధాన్యం కాలువల మీద నేరుగా కాకినాడ చేరే వీలు కలిగింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండుకు అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, మన పత్తి ఎగుమతితో కాకినాడ దశ తిరిగింది. కోరంగి పక్కనే ఉండి చూస్తూ కూర్చుంది.


వృద్ధ గౌతమి | సోమవారం, రాత్రి 9:22

అయితే ఇప్పుడు కాటన్ దొరను దోషిని చేస్తారా? మా వైపు ఊరూరా ఆయన విగ్రహం ఉంది. గోదావరి స్నానానికి సంకల్పం చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పే పురోహితులు ఉన్నారు. జాగ్రత్తగా రాయండి.


పాత పటాలు | సోమవారం, రాత్రి 9:31

ఆయన జోలికి నేను వెళ్లను, బతకాలని ఉంది. మేట ఆనకట్టకు ముందే పెరిగింది. అదీ కాక, కాలువ కోరంగికీ వచ్చింది. తూర్పు డెల్టాలో కోరంగి కాలువ అని ఇప్పటికీ ఉంది కదా.


మడ అడవి | మంగళవారం, ఉదయం 5:55

రేవును చంపిన మట్టే అడవిని పెంచింది. అసలు విషయం అదే కదా, ఇంతసేపూ ఎవరూ అనకపోతే ఆశ్చర్యంగా ఉంది. ఓడవాడికి మేట అంటే శాపం. మడ విత్తనానికి అదే పొలం.

కోరంగి వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. తూర్పు తీరంలో సుందరవనాల తర్వాత పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. చెట్లన్నీ ఒకటే అనుకుని చూస్తే ఏమీ తెలియదు, ఒక్కొక్కటే చూడాలి. తెల్ల మడ వేళ్లు బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితో ఊపిరి తీసుకుంటుంది. ఆ చెట్టు ఆకు తిప్పి వెనక వైపు నాలుక ఆనించి చూడండి, ఉప్పగా ఉంటుంది. వేళ్ల గుండా వచ్చిన ఉప్పును ఆకుల మీదికి గెంటేస్తుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం ఆ ఉప్పు పలుకులు కంటికే కనిపిస్తాయి. ఉప్పుపొన్నది మరో పద్ధతి. దాని కాయ చెట్టునుండగానే మొలకెత్తి, పొడుగాటి మొలక కిందికి వేలాడుతుంది. పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, రాలితే బురదలో దిగి నిలబడుతుంది. పోటు వేళ రాలితే తేలుతూ వెళ్లి ఇంకెక్కడో పాతుకుంటుంది. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోకండి. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. వేటకు వెళ్లేవాళ్లకు ఇది చిన్నప్పుడే నేర్పుతారు.

చెట్లు పోయిన చోట్ల మళ్లీ నాటడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకు వెళ్లిపోతుంది. మడకు నీరు నిలవ ఉన్నా చావే, అసలు రాకపోయినా చావే. స్థానిక మత్స్యకారుల సంఘాలతో కలిసి అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ చేసిన ఈ పని బాగా ఫలించింది.


శ్రీలత, హైదరాబాద్ | మంగళవారం, ఉదయం 8:15

అక్కడ బోర్డు మీద పిల్లి బొమ్మ చూశాను. పిల్లి నీళ్లలోకి దిగుతుందా?


మడ అడవి | మంగళవారం, మధ్యాహ్నం 12:40

దిగుతుందండీ, మునుగుతుంది కూడా. బావురు పిల్లి అంటారు, కొందరు నీటి పిల్లి అంటారు. ఇంటి పిల్లికి రెండింతలు పైన ఉంటుంది, మగది పన్నెండు కిలోల దాకా తూగుతుంది. ఒంటి మీద రెండు పొరల బొచ్చు, లోపలి పొర తడవదు. వేళ్ల మధ్య కొద్దిగా చర్మం ఉంటుంది. తోక పొట్టి. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకే బురదలో పడిన అడుగులో గోటి గీతలు కూడా కనిపిస్తాయి. పాటు వేళ కాలువ గట్టు వెంట వెళ్తే పిల్లిని చూడకపోయినా అది నడిచిన దారి చూడవచ్చు. అడుగులు నీటి అంచు వరకు వచ్చి ఆగి ఉంటాయి. అక్కడ అది కూర్చున్న చోట బురద నునుపుగా అణగి ఉంటుంది. పక్కన నాలుగు పొలుసులు. అంతకంటే ఎక్కువ ఆశించకండి. అది తిరిగేది రాత్రిళ్లు.

2018లో కెమెరాలు పెట్టి చేసిన సర్వేలో ఈ అభయారణ్యంలో 115 దాకా ఉన్నాయని అంచనా వేశారు. పులి, చిరుత అంటే పరిగెత్తుకొచ్చే పత్రికలకు ఇది పెద్దగా పట్టదు. నాకు కోరంగి అంటే ఇదే.

నీటికుక్కలు పగలే కనిపిస్తాయి. కుటుంబం మొత్తం ఒక్కసారి ఈదుతూ వచ్చి, ఒడ్డెక్కి, ఒళ్లు దులుపుకుని, మీ వైపు చూసి కీచుమంటాయి. వలలు చింపుతాయని వేటగాళ్లకు వాటి మీద కోపం. నక్కలు ఉన్నాయి. మండపీతల సంగతి చెప్పనక్కర లేదు, కాకినాడ మార్కెట్లో చూసే ఉంటారు. రొయ్య పిల్లలూ, చాలా రకాల చేప పిల్లలూ ఈ వేళ్ల మధ్యే పెరిగి తర్వాత సముద్రానికి పోతాయి.


తాళ్లరేవు పడవ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

చేపలన్నారు కాబట్టి పులస గురించి ఒక మాట. సముద్రంలో ఉన్నప్పుడు విలస, వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చాక పులస. ఎర్రనీరు మొదలైందంటే యానాం రేవులో వేలం పాట చూడాలి. ఆ వేళ ఫోను చేస్తే మా బంధువులెవరూ ఎత్తరు.


వృద్ధ గౌతమి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

యానాం పులస కాదండీ, ఇంకా పైకి ఈదిన పులసకే రుచి. ఎంత ఎదురీదితే అంత. బెండకాయలు, మామిడికాయ వేసి మట్టి చట్టిలో వండి, మర్నాటికి ఉంచి తినాలి. వేడివేడిగా తినేవారికి పులస తినడం రాదు.


నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

పులస మీద చర్చ మొదలైతే వర్షాకాలం అయ్యేదాకా ఆగదని అనుభవం. దానికి వేరే శీర్షిక ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ కోరంగి.


రంగం మనవడు | మంగళవారం, రాత్రి 10:30

ఇంత రాశారు, రంగం గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. కోరంగి పేరు ఎక్కువ కాలం బతికింది బర్మాలోనే.

మా తాతగారు రంగం వెళ్లారు. మా ఇళ్లలో రంగూన్ అనరు, రంగమే. కోత పనులకు, బియ్యం మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి మేస్త్రీ ముందుగా డబ్బు చేతిలో పెట్టి మనుషులను పోగుచేసేవాడు. కాకినాడ, విశాఖ, కళింగపట్నం, ఒడిశాలోని గోపాల్‌పూర్ రేవుల్లో ఓడ ఎక్కేవారు. కింది తరగతివాళ్లకు డెక్కు మీదే పడక, ఎండైనా వానైనా. మొదట్లో కోరంగి నుంచి ఎక్కినవాళ్లు ఎక్కువ కాబట్టి, అక్కడ ఏ ఊరి తెలుగువాడినైనా కోరంగీ అనేవారు. శ్రీకాకుళం మనిషి కూడా కోరంగీయే. మారిషస్‌లోనూ తెలుగువాళ్లకు ఆ పేరే పడింది. గౌరవంగా పిలిచిన పిలుపు కాదు అది, కూలివాడా అన్నట్టే. తాతగారికి ఆ పేరంటే చివరిదాకా మంట.

1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. దానికి ఒక ఏడాది ముందే, 1930 మే 26న, రేవులో పెద్ద అల్లర్లు. తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే బర్మావాళ్లను పొమ్మన్నాయి. ఇద్దరి కడుపు మీదా కొట్టింది ఎవరో తెలిసినా, కొట్టుకున్నది ఈ ఇద్దరే. మనవాళ్లు చాలామంది చనిపోయారు.

1942లో జపాన్‌వాళ్లు వచ్చాక నడక. అరకాన్ దారిన కొందరు, మణిపూర్ కొండల దారిన కొందరు. తాతగారు కొండల దారిన వచ్చారు. ఆ నడక గురించి ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. ఒక్కటి మాత్రం గుర్తు: అన్నం గిన్నె అడుగున నాలుగు మెతుకులు మిగిల్చినా ఊరుకునేవారు కాదు.


పాత పటాలు | బుధవారం, ఉదయం 7:05

చాలా మంచి విషయం రాశారండీ. ఆ వలసకు డెల్టా లోపలే రెండు ముఖాలున్నాయి. కాలువల కింద రెండు పంటలు పండుతున్న ఊళ్లలో కూడా భూమి లేనివాడికి మిగిలింది కూలి మాత్రమే. రంగంలో కూలి ఎక్కువ. ఓడ ఎక్కించింది ఆ తేడాయే.

యానాం పక్కనే ఉంది కాబట్టి ఒక పిట్టకథ. 1930లో శారదా చట్టం అమలుకు వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలు నేరమయ్యాయి. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. జిల్లా నలుమూలల నుంచి పెళ్లి బళ్లు యానాం దారి పట్టాయి. ఆ ఊరికి కళ్యాణపురం అని పేరు వచ్చింది. బళ్లు వెళ్లింది కోరంగి, తాళ్లరేవుల మీదుగానే.


ఉప్పాడ వాసి | బుధవారం, ఉదయం 10:50

మట్టి గురించి ఇంత ముచ్చటగా చెప్పుకుంటున్నారు, మా వైపు కూడా ఒకసారి చూడండి.

గోదావరి దింపిన ఇసుకను నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు తీరం వెంట ఉత్తరంగా మోసుకుపోతాయి. అలా మోసిన ఇసుక మొగ దగ్గర నుంచి ఉత్తరంగా పొడుగాటి నాలుకలా పెరిగింది. అదే హోప్ ఐలాండ్. వయసు సుమారు రెండు వందల ఏళ్లు, పొడవు పదహారు కిలోమీటర్ల పైనే. కాకినాడ అఖాతానికి అది కట్టని గోడ. ఆ గోడ ఉంది కాబట్టే కాకినాడ రేవులో అలజడి తక్కువ, దాని చాటున బురద పేరుకుని మడ అడవి పెరిగింది. అందరికీ లాభం.

గోడ దాటి ఉత్తరాన ఉన్నది మా ఉప్పాడ. మాకు రావాల్సిన ఇసుక ఆ గోడ దగ్గరే ఆగిపోతోంది, కెరటాల తాకిడి మాత్రం ఆగడం లేదు. పైన ప్రాజెక్టుల వెనక ఒండ్రు ఆగిపోవడంతో నది తెచ్చేదే తగ్గింది. ప్రతి తుఫానుకూ బీచ్ రోడ్డు కోసుకుపోతుంది, మళ్లీ రాళ్లు వేస్తారు, మళ్లీ పోతుంది. మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు ఉండిన చోట ఇప్పుడు సముద్రం ఉంది. జామదానీ చీరలకు పేరున్న ఊరు, మగ్గం గోతుల్లోకి ఉప్పునీరు వస్తోంది.


మడ అడవి | బుధవారం, మధ్యాహ్నం 3:20

ఉప్పాడ గారు చెప్పింది నిజం. హోప్ ఐలాండ్ ఒక్కటే కారణం కాదని, రేవు కట్టడాల పాత్ర కూడా ఉందని వాదించేవారు ఉన్నారు. ఏదైనా ఆ ఇసుక నాలుక ఇప్పటికీ కదులుతూనే ఉంది, ఉన్నచోట ఉండేది కాదు.

దాని మీద జీవం గురించి రెండు ముక్కలు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. హోప్ ఐలాండ్‌లోనూ, దక్షిణాన శాక్రమెంటో దీవిలోనూ. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి, కంచె వేసిన చోట పాతి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. అదే కాలంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ల కళేబరాలు కూడా కనిపిస్తాయి. తాబేలు ఊపిరి తీసుకోవడానికి పైకి రావాలి, మరపడవ ఈడ్చే వలలో చిక్కితే రాలేదు. తాబేలు తప్పించుకునే అమరిక వలలకు బిగించమని నిబంధన ఉంది. బిగిస్తే పట్టుబడి కూడా జారిపోతుందని పడవలవాళ్ల బాధ.

శీతాకాలంలో ఇసుక దిబ్బల మీద ఇండియన్ స్కిమ్మర్లు వచ్చి వాలతాయి. నారింజ రంగు ముక్కు, కింది సగం పైదానికంటే పొడుగు. నీటికి ఆనుకుని ఎగురుతూ ఆ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ పోతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. ప్రపంచంలోనే తక్కువ సంఖ్యలో మిగిలిన పక్షి. ఇక్కడ గుంపులు గుంపులుగా కనిపించడం మన అదృష్టం.


శ్రీలత, హైదరాబాద్ | బుధవారం, రాత్రి 8:10

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. డిసెంబరులో మా అత్తయ్య గారిని కూడా తీసుకుని మళ్లీ వెళ్లాలని ఉంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పడవ ఎక్కగలరా? ఏ వేళ వెళ్తే మంచిది?


తాళ్లరేవు పడవ | బుధవారం, రాత్రి 8:35

చెక్క బాట వరకు ఇబ్బంది లేదండి, మెల్లగా నడవవచ్చు. పాచి ఉన్న చోట చెయ్యి పట్టుకోండి. పడవ దగ్గరే జాగ్రత్త. పోటు మీద ఉన్నప్పుడు పడవ అంచు రేవు మెట్టుకు దగ్గరగా వస్తుంది, ఎక్కడం తేలిక. పాటు వేళ పడవ కిందికి దిగిపోయి ఉంటుంది, మోకాళ్లు బాగాలేనివాళ్లు దిగలేరు. నీరు బాగా తగ్గితే అసలు పడవలే తిప్పరు. బయల్దేరే ముందు ఆ రోజు పోటు ఎప్పుడో కనుక్కోండి.


మడ అడవి | బుధవారం, రాత్రి 8:50

నేనైతే పాటు వేళే వెళ్లమంటాను. పీతలు, అడుగుజాడలు, కొంగలు అన్నీ అప్పుడే. అత్తయ్య గారికి పోటు వేళ పడవ, మీకు పాటు వేళ చెక్క బాట. రెంటికీ మధ్య ఆరు గంటలు ఉంటుంది, మధ్యలో యానాం వెళ్లి భోజనం చేసి రండి. దోమల మందు మరవకండి.


వృద్ధ గౌతమి | బుధవారం, రాత్రి 9:05

భోజనానికి యానాం ఎందుకు, వంతెన దాటి ఎదుర్లంక వైపు రండి, ఇంకో ఇరవై నిమిషాలు. ఇక పాత పటాలు గారూ, మీరు చెప్పిన 1821, 1841 లెక్కల్లో యానాం కలిసి ఉందా? అది ఫ్రెంచివాళ్లది. అక్కడ పోయినవాళ్లు ఏ లెక్కలోకి వస్తారు?


పాత పటాలు | బుధవారం, రాత్రి 9:40

రారు. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. యానాం చిన్న ఊరు కాబట్టి లక్షల లెక్క దానితో మారదు. కానీ 1839లో అక్కడేం జరిగిందో ఫ్రెంచి దస్తావేజుల్లో వెతకాలి. పుదుచ్చేరిలో చదువుకున్నవారు, ఫ్రెంచి వచ్చినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?